కేబుల్ కోసిన పిల్లోడు నా తోటకు రావాలి

సంపాదకుల గారికి నమస్కారం.

మోటారు కేబుళ్ల దొంగతనాల మీద జిల్లా పేజీలో వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ఒకటే ముక్క ఉంటుంది, "నిందితులను రిమాండుకు తరలించారు" అని. అక్కడికి వార్త అయిపోతుంది. కేబుల్ పోయిన రైతుకు మాత్రం అసలు తిప్పలు అప్పుడే మొదలు. ఆ తిప్పలు పడినవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా గోడు కత్తిరించండి, చివర్లో అడిగింది మాత్రం ఉంచండి.

మాది అనంతపురం దగ్గర ఒక పల్లె. మూడెకరాల చీనీ (బత్తాయి) తోట, దానికి ఒక్కటే బోరు. నిరుడు మే నెలలో ఒక రాత్రి స్టార్టర్ డబ్బా నుంచి బోరు దాకా ఉన్న కేబుల్ మొత్తం కోసుకుపోయారు. పన్నెండు వేలు అప్పు తెచ్చి కొత్తది కొని, వేరే ఊళ్లో పనిమీదున్న మెకానిక్కును బతిమాలి పిలుచుకొచ్చేసరికి తొమ్మిది రోజులు. మూడు వారాలు తిరక్కముందే మళ్లీ కోశారు. ఈసారి అప్పు కూడా పుట్టలేదు, ఇంట్లో కమ్మలు కుదువ పెట్టాల్సి వచ్చింది. ఆ ఎండలో, నిమ్మకాయంత కాయ మీదున్న చీనీ చెట్టుకు వారం రోజులు తడి అందకపోతే ఏమవుతుందో ఈ జిల్లావాళ్లకు నేను చెప్పాలా? పొద్దున లేచి పోతే చెట్ల కింద కాయ పరిచినట్టు ఉండేది. పాత చెట్లు పోయిన గుంతల్లో రెండేళ్ల కింద నాటిన అంట్లు 38 నిలువునా ఎండిపోయాయి. రాలిన కాయ లెక్క వేస్తే తక్కువలో తక్కువ నాలుగు టన్నులు.

ఇంత నష్టం చేసి వాళ్లకు దక్కిందెంత అంటే, పైన రబ్బరు కాల్చేసి, రాగి తీసి పాత సామాన్లు కొనే గుజరీ అంగట్లో అమ్మితే ఒక్కోసారికి నాలుగు వేలు. ఆ అంగడి దగ్గర కూపీ లాగితేనే దొరికారు. పక్క ఊరి పిల్లలు ఇద్దరు. ఒకడికి ఇరవై, ఇంకొకడికి పదిహేడు. ఆ చిన్నోణ్ని నేను ఎరుగుదును, వాళ్లమ్మ మా తోటలో కాయ కోతకు వచ్చేది.

ఇరవై ఏళ్లవాణ్ని సబ్‌జైలుకు పంపారు, పద్దెనిమిది రోజులున్నాడు. పదిహేడేళ్లవాణ్ని పిల్లల కేసులు చూసే జువెనైల్ బోర్డు ముందు పెట్టి ఇంటికి పంపారు. కేసైన వారానికి వాడి అమ్మ మా ఇంటికొచ్చింది. ఒక్కతే రాలేదు, వెంట వాళ్ల ఊరి పెద్దమనిషి ఒకాయన. ఆమె గడప దగ్గరే కూలబడి "తెలీక చేసినాడు సామీ, కడుపులో పెట్టుకో" అని ఏడుస్తుంటే ఆయన మంచం మీద కూర్చుని కాఫీ తాగుతూ రేటు మాట్లాడాడు. పది వేలు ఇప్పిస్తాను, కోర్టులో రాజీ అని చెప్పు, ఊరికే తిరగడం ఎందుకు అన్నాడు. పిల్లోడేడీ అని అడిగితే బయట బండి దగ్గర ఉన్నాడన్నారు. లోపలికి పిలవండి అన్నాను. "వాడితో నీకేం మాటలన్నా, నేనున్నా కదా!" అన్నాడాయన.

నేను ఒప్పుకున్నాను. దాచడమెందుకు, కమ్మలు విడిపించాలి. చేతికి వచ్చింది ఆరు వేలు, మిగతా నాలుగు ఖర్చులకు పోయాయన్నారు. ఆ తల్లి రెండు పొట్టేళ్లు అమ్మి పదిహేను వేలు ఆయన చేతిలో పెట్టిందని ఆర్నెల్ల తర్వాత ఆమే చెప్తే తెలిసింది. దొంగతనం కేసులో సొత్తు యజమాని రాజీ పడొచ్చని చట్టమే చెప్తుంది కాబట్టి లోక్ అదాలత్ రోజు సంతకాలైపోయాయి. కాగితం మీద మా గొడవ తీరిపోయింది. కోర్టుకు పోతే ఓడినోడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అంటారు, మా కేసులో ఓడిందెవరో గెలిచిందెవరో కూడా తేలలేదు, అందరం ఎవరింట్లో వాళ్లం ఏడ్చాం.

నాకు కావలసింది డబ్బు ఒక్కటే కాదు. చుట్టూ ఇన్ని బోర్లుంటే నాదే ఎందుకు కోశావురా అని అడగాలనుంది. ఒకసారి కోసినాక రెండోసారి ఎట్లా మనసొప్పింది? నేను ఏ రోజు ఊళ్లో ఉండనో ముందే తెలుసుకున్నారా? మళ్లీ వస్తారా? ఆ చివరి ప్రశ్నకు జవాబు లేక రెండు నెలలు బోరు దగ్గరే మంచం వేసుకుని పడుకున్నాను, పాముల టెన్షన్ ఒకపక్క, మా ఆవిడ టెన్షన్ ఇంకోపక్క. ఈ ప్రశ్నలు అడిగే చోటు స్టేషన్‌లో లేదు, కోర్టులో లేదు, రాజీలో అసలే లేదు. నా కేసులో నేను సాక్షిని మాత్రమే. ఆ పిల్లోడు కూడా అంతే, వాడి నోటినుంచి ఒక్క మాట రాకుండానే వాడి తప్పు మొదలైంది, ముగిసింది.

మా పెద్దమ్మాయి అనంతపురం కోర్టులో జూనియర్ లాయరు. నా గొణుగుడు విని విని ఒకరోజు "నాన్నా, నువ్వడిగే దానికి ఒక పేరుంది, రెస్టోరేటివ్ జస్టిస్ అంటారు" అని చెప్పింది. పునరుద్ధరణ న్యాయం అని తెలుగులో రాస్తారట. ఆ మాట నాకు నోరు తిరగలేదు, నేను మరమ్మతు న్యాయం అనుకుంటున్నాను. ఏ చట్టం తప్పారు, ఎన్నేళ్లు వెయ్యాలి అన్న దగ్గరే ఆగకుండా, ఎవరికి ఏం చెడింది, దాన్ని ఎవరు బాగుచెయ్యాలి అని అడగడం. అంతే.

అమ్మాయి చెప్పిన ఒక కథ నాకు బాగా పట్టుకుంది. 1974లో కెనడాలో, ఒంటారియోలో ఎల్మైరా అనే చిన్న ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు తాగి ఒక రాత్రంతా ఊరిమీద పడి 22 చోట్ల కార్ల టైర్లు కోసి, అద్దాలు పగలగొట్టి నానా బీభత్సం చేశారు. నేరం ఒప్పుకున్నారు. జైలు బదులు బయట ఉంచినవాళ్లను కనిపెట్టి చూసే ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ అనే ఆయన, వీళ్లను నష్టపోయినవాళ్ల ముందు నిలబెడితే ఎట్లుంటుందని జడ్జి దగ్గర అన్నాడు. అట్లాంటిది చట్టంలో ఎక్కడా లేదు, అయినా జడ్జి సరేనన్నాడు. ఇద్దరూ ఇంటింటికీ పోయి తలుపు తట్టి, మీ అద్దం పగలగొట్టింది మేమే, ఎంతైంది అని అడిగారు. కొందరు తిట్టారు, కొందరు లోపలికి పిలిచారు. కొన్ని నెలల్లో నష్టం కట్టేశారు. ఆ ఇద్దరిలో ఒకతను పెద్దయ్యాక ఇలాంటి పనిలోనే చేరాడట. తలుపు తట్టడం అనే ఆ ముక్క దగ్గర నాకు మా గడప, బయట బండి దగ్గర నిలబడ్డ పిల్లోడు గుర్తొచ్చారు. పది అడుగుల దూరం. ఆ పది అడుగులు వాణ్ని నడవనివ్వకుండా పెద్దమనిషి అడ్డం కూర్చున్నాడు.

న్యూజిలాండ్‌లో దీన్ని చట్టమే చేశారు. అక్కడి మూలవాసులైన మావోరీ జనం, మా పిల్లలను మా నుంచి లాగేసి హోముల్లో పడేస్తున్నారని గొడవ పెట్టాక 1989లో కొత్త చట్టం వచ్చింది. పిల్లలు తప్పు చేస్తే కుటుంబం, నష్టపోయినవాళ్లు, పోలీసు, శిక్షణ పొందిన ఒక మధ్యవర్తి అందరూ కలిసి కూర్చుంటారు. కాసేపు కుటుంబాన్ని వాళ్లలో వాళ్లు మాట్లాడుకోమని వదిలేస్తారు, ఏం చేసి సరిదిద్దుతారో వాళ్లే ఒక ప్లాన్ చెప్పాలి. పెద్దవాళ్లు నేరం ఒప్పుకున్న కేసుల్లో కూడా శిక్ష వేసేముందు ఇలా కూర్చోబెట్టడం కుదురుతుందేమో చూడాలని 2014లో మళ్లీ చట్టం మార్చారు. ఇదంతా మెత్తటి మాటలు, దొంగలకు దన్ను అనేవాళ్లుంటారు, మా ఊళ్లోనే ఉన్నారు. బ్రిటన్‌లో దోపిడీలూ ఇళ్ల దొంగతనాలూ చేసిన పెద్దవాళ్లతో సహా ప్రభుత్వమే డబ్బు పెట్టి చేయించి చూస్తే, ముఖాముఖి కూర్చున్న బాధితుల్లో 85 శాతం మంది తృప్తిగా ఉందన్నారు, ఆ నేరస్థులు మళ్లీ శిక్షపడే నేరాలు చేయడం 14 శాతం తగ్గింది. పద్నాలుగంటే గొప్ప అంకె కాదు, నాకూ తెలుసు. కానీ మన సబ్‌జైలు ఎంత తగ్గించింది? ఆ ఇరవై ఏళ్లవాడు పద్దెనిమిది రోజులుండి వచ్చాక ఇప్పుడు బైకులు లేపేవాళ్లతో తిరుగుతున్నాడని ఊళ్లో అందరూ అంటున్నారు. లోపల పరిచయాలు.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, పిల్లలను వీలైనంతవరకు కోర్టు దారినుంచి మళ్లించాలనే మొదట్లోనే చెప్తుంది. బోర్డులో మేజిస్ట్రేటు ఒక్కరే ఉండరు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూడా కూర్చుంటారు, వాళ్లలో ఒకరైనా మహిళ ఉండాలి. 18వ సెక్షన్ కింద బోర్డు ఆ పిల్లోడికి కౌన్సెలింగ్ ఇప్పించొచ్చు, సమాజ సేవ చేయమనొచ్చు. ఇంకో సంగతి, మూడేళ్లలోపు శిక్షపడే చిన్న నేరాల్లో, పిల్లలు ఒక్కళ్లే ఉంటే ఎఫ్ఐఆర్ కూడా కట్టకూడదని కేంద్రం 2016లో తెచ్చిన నమూనా నియమాలు చెప్తున్నాయి. డైరీలో రాసుకుని, ఇంటి పరిస్థితి మీద నివేదికతో బోర్డుకు పంపాలి. మా కేసులో పెద్దోడు కలిసి ఉన్నాడు కాబట్టి ఎఫ్ఐఆర్ తప్పలేదు. సరే, ఆ పెద్దోడికైనా 1958 నాటి ప్రొబేషన్ చట్టం ఉంది, 21 ఏళ్లలోపు వాళ్లను తప్పనిసరైతే తప్ప జైలుకు పంపొద్దని, నష్టపరిహారం కట్టించొచ్చని అందులో స్పష్టంగా ఉంది. కానీ అది నేరం రుజువయ్యాక మాట. రిమాండు ముందే అయిపోయింది కదా. రుజువు కాకముందు జైలు, రుజువయ్యాక విడుదల, ఈ తిరకాసు మా అమ్మాయి రెండుసార్లు చెప్పినా నాకు అర్థం కాలేదు.

2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో మొదటిసారి సమాజ సేవను శిక్షగా పెట్టారు. అయిదు వేల రూపాయల లోపు దొంగతనం, మొదటిసారి శిక్షపడినవాడు, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగిచ్చేస్తే సమాజ సేవే శిక్ష. మంచిదే. నా కేబుల్ ఆ గీతకు పైన ఉంది, అది వేరే విషయం. అయినా నా అనుమానం ఏమిటంటే, సేవ అనగానే మనవాళ్లు చీపురు చేతికిచ్చి ఫోటో తీస్తారు. తాగి బండి నడిపినోళ్ల చేత ప్లకార్డులు పట్టించి రోడ్డుమీద నిలబెట్టడం చూస్తూనే ఉన్నాం. నవ్వుకోవడానికి బాగుంటుంది. నా కేబుల్ కోసినవాడు ఆస్పత్రి వరండా ఊడిస్తే నా చెట్టుకు ఒరిగేదేముంది? వాడు నా తోటకు రావాలి, ఆ 38 గుంతలు చూడాలి, ఒక్కో మొక్కకు రెండేళ్లు బిందెలతో నీళ్లు ఎలా పోశానో నేను చెప్తే వినాలి, ఆ తర్వాత ఏం చేస్తాడో వాడి నోటితో చెప్పాలి. ఫోటోల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి, ఆ పదిహేడేళ్లవాడి ఫోటో ఊరి పేరుతో సహా మా మండలం వాట్సాప్ గ్రూపులన్నిటిలో తిరిగింది. కేసున్న పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల దాకా జైలో రెండు లక్షల దాకా జరిమానానో రెండూనో పడొచ్చని ఆ జువెనైల్ జస్టిస్ చట్టంలోనే 74వ సెక్షన్ ఉంది. దొంగ మీద కేసు పెట్టాం, ఫోటో పంపినవాళ్ల మీద పెట్టామా?

ఇక్కడ మన సీమవాళ్లకు వచ్చే అనుమానం నాకూ వచ్చింది. ఇది మళ్లీ పంచాయితీయే కదా అని. పంచాయితీలంటే ఏమిటో మనకు బాగా తెలుసు. ఇద్దరి దగ్గరా డిపాజిట్ కట్టించుకుని, చెట్టు కింద కూర్చోబెట్టి, ఎవడికి వెనక మనుషులెక్కువో వాడి వైపు తీర్పు చెప్పి, డిపాజిట్ మింగేయడం. తప్పు కట్టించడం అంటే తప్పు చేసినవాడి చేత డబ్బు కట్టించడమే గానీ ఆ డబ్బు నష్టపోయినవాడికి చేరాలని ఎక్కడా లేదు. ఇక ఫ్యాక్షన్ ఊళ్లలో రాజీ అంటే ఏమిటో, పట్టపగలు నరికినోళ్ల మీద కళ్లారా చూసిన సాక్షులు కూడా కోర్టులో ఎందుకు అడ్డం తిరిగారో కర్నూలు, కడప, అనంతపురం మూడు జిల్లాల్లోనూ ముసలివాళ్లను ఎవరిని అడిగినా చెప్తారు. భయపడ్డవాడు పెట్టిన సంతకం అది.

అందుకే నేను అడిగేది ఆ రాజీ కాదు. రాజీలో పెద్దమనిషి మాట్లాడతాడు, నష్టపోయినవాడు తల ఊపుతాడు, తప్పు చేసినవాడు బయట నిలబడతాడు. నేను అడిగేదాంట్లో ఆ ఇద్దరే మాట్లాడాలి, మధ్యన కూర్చున్నవాళ్లు నోరు మూసుకుని వినడం నేర్చుకుని ఉండాలి. తీర్పు చెప్పే పని వాళ్లది కాదు. నష్టపోయినవాడు వద్దంటే ఆ క్షణంలో లేచి పోవచ్చు, కేసు కేసులాగే నడుస్తుంది. కుర్రాడు నేను చెయ్యలేదంటే ఇక కూర్చోబెట్టేదే లేదు, అది కోర్టే తేల్చాలి.

అన్ని కేసులకూ ఇది కుదరదు, కుదరకూడదు కూడా. ఆడపిల్లల మీద అఘాయిత్యాల్లో రాజీ మాటే ఎత్తకూడదని సుప్రీంకోర్టు 2015లో గట్టిగా చెప్పింది. హత్య, బలాత్కారం, బందిపోటు లాంటివి ఇద్దరూ రాజీ పడ్డారని కొట్టేయడానికి వీల్లేదని 2012లోనే చెప్పి ఉంది. దళితుల మీద దాడి చేసినవాణ్ని తీసుకొచ్చి ఆ ఇంటి ముందు కూర్చోబెట్టి ఇద్దరూ మాట్లాడుకోండి అంటే అది ఇంకో దాడి. ఇంట్లో కొట్టే మొగుడి సంగతీ అంతే. ఒకడి కింద ఇంకొకరు బతకాల్సిన చోట ముఖాముఖి అనేది మాటవరసకే. నేను చెప్పేది కేబుళ్లు, డ్రిప్ పైపులు, జాతరలో గొడవపడి తల పగలగొట్టుకోవడాలు, కోళ్లు, మేకలు, సెల్‌ఫోన్లు, అద్దాలు పగలగొట్టడాలు, ఇలాంటివి. స్టేషన్లలో ఇలాంటివి ఎన్నొస్తాయో అక్కడ పనిచేసే కానిస్టేబుళ్లకే తెలుసు.

మన జిల్లాకు నమ్మకం పెట్టి చూడడం కొత్త కూడా కాదు. బుక్కరాయసముద్రం దగ్గర రెడ్డిపల్లిలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది, శిక్షపడిన మనుషులు అక్కడ ఆరుబయట సేద్యం చేస్తారు. ఆ దారిన పోయే బస్సుల్లో మనం ఎన్నిసార్లు తిరిగాం! ఏళ్ల శిక్షపడినవాళ్లనే నమ్మి చేతికి పార ఇవ్వగలిగినప్పుడు, నాలుగు వేల రాగికి కక్కుర్తిపడ్డ పదిహేడేళ్లవాణ్ని ఒక పూట నా తోట గట్టుమీద కూర్చోబెట్టలేమా?

ఇప్పుడు నేను అడిగేది. పేదలకు ఉచితంగా న్యాయ సాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థ 1987 చట్టం కింద పనిచేస్తోంది, జడ్జీలే చూసుకుంటారు, 15100 కు ఫోన్ చేస్తే పలుకుతుంది, పల్లెల్లో చట్టం సంగతుల్లో జనానికి సాయపడే పారా లీగల్ వాలంటీర్లున్నారు. ఒక్క మండలం తీసుకుని, ఒక్క ఏడాది, మొదటిసారి తప్పు చేసినవాళ్ల చిన్న కేసులతో మొదలుపెట్టమనండి. వాలంటీర్లలో ఓపికున్న నలుగురైదుగురికి, సగం మందైనా ఆడవాళ్లుండేలా, వినడంలో శిక్షణ ఇప్పించండి. ఊళ్లో మహిళా పోలీసుకు అప్పజెప్పొద్దు, ఆమె మంచిదే కావచ్చు గానీ పోలీసు అన్న మాట ఉన్నచోట మా పల్లె పిల్లోడు నోరు తెరవడు. పార్టీ కండువా ఉన్నవాళ్లు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. డబ్బేమైనా ఉంటే బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకే పోవాలి, ఎవరి జేబు గుండా పోకూడదు, ఈ ఒక్క షరతు పెడితే సగం మంది పెద్దమనుషులు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు. ఒప్పుకున్నదంతా కాగితం మీద రాసి మేజిస్ట్రేటు గారి ముందో బోర్డు ముందో పెట్టాలి, ఆయన సరేనన్నాకే ఖాయం. చెప్పింది చేశాడా లేదా అని మూడు నెలలకోసారి ఎవరో ఒకరు వచ్చి చూడాలి. దీనికి కోట్లు అక్కర్లేదు. వాలంటీర్లకు బస్సు చార్జీలు, ఒక కుండ నీళ్లు, కూర్చోవడానికి చాప.

గుజరీ అంగడి ఆయన సంగతి కూడా రాద్దామనుకున్నాను. కాల్చిన రాగి కిలోలకొద్దీ పిల్లోళ్లు తెస్తే ఎక్కడిదని అడగకుండా కొన్న మనిషి ఇందులో ఎక్కడా లేడు, సాక్షిగా కూడా లేడు. అలాంటి ముఖాముఖి ఎప్పుడైనా జరిగితే ఆయన కూడా చాప మీద కూర్చోవాలి.

ఆ పిల్లోడికి ఇప్పుడు పద్దెనిమిది నిండాయి, తాడిపత్రిలో బండల పాలిష్ పనికి పోతున్నాడు. పోయిన నెల అనంతపురం బస్టాండులో ఎదురుపడ్డాడు. నేను చూశాను, వాడూ చూశాడు, చూసి పక్కనున్న అరటిపండ్ల బండి వెనక్కు జరిగాడు. పిలుద్దామనుకున్నాను, పేరు నోటిదాకా వచ్చింది గానీ ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంతలో మా ఊరి బస్సు వచ్చింది.

తోటలో ఆ 38 గుంతలు ఇంకా అట్లే ఉన్నాయి. వానలు పడ్డాక అంట్లు తెచ్చి నాటాలి. నాకు నడుము నొప్పి, గుంతలు తిరగతోడడం ఈసారి ఒక్కడి వల్ల అయ్యేలా లేదు.

ఇట్లు,
ఒక చీనీ రైతు, అనంతపురం జిల్లా
(పేరు, ఊరు వేయొద్దని మనవి. నా కోసం కాదు, ఆ పిల్లోడి కోసం.)